అవసరంలో ఉన్నవారి ఇల్లు

హైదరాబాదులో ఇళ్ల క్రయవిక్రయాలకు మధ్యవర్తిగా ఉన్న ఒక యువ పాఠకుడు మాకు ఇలా వ్రాశారు: "ఇల్లు అమ్మదలచిన సంగతి నలుగురికీ తెలియకముందే యజమానిని కలుసుకోవడం నా పని. బ్యాంకు నోటీసు అందినవారు, ఆసుపత్రి ఖర్చులతో సతమతమవుతున్నవారు, తండ్రి మరణించాక పంపకాలు తేలని అన్నదమ్ములు, పిల్లలు విదేశాలలో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధులు, ఇటువంటి వారి ఆచూకీ తెలుసుకుంటాను. తొందరలో ఉన్నవారు తక్కువకు ఇస్తారు. ఈ సంపాదన హలాలేనా?"

తన ఉపాధిని గురించి ఇలా ప్రశ్నించుకోవడం విశ్వాసికి శోభనిచ్చే గుణం. ఈ ప్రశ్న అనేక కుటుంబాలకు సంబంధించినది కనుక దీనిని ఇక్కడే చర్చించదలచాము.

అమెరికాలో ఈ వ్యాపారం ఒక పద్ధతిగా స్థిరపడింది. ఇంటి అప్పు వాయిదాలు చెల్లించలేనివారికి, వారసత్వంగా ఇల్లు సంక్రమించినవారికి వ్యాపారులు ఉత్తరాలు పంపుతారు. 'నగదు ఇచ్చి ఇళ్లు కొంటాము' అని రోడ్ల పక్కన బోర్డులు పెడతారు. యజమానితో తక్కువ ధరకు ఒప్పందం కుదుర్చుకుని, తాము కొనకుండానే దానిని మరొకరికి బదలాయించి, మధ్యనున్న తేడాను తీసుకునేవారూ ఉన్నారు. ఇల్లినాయ్ రాష్ట్రం 2019లో చట్టాన్ని సవరించి, ఏడాదిలో ఒకటికి మించి ఇటువంటి ఒప్పందాలు చేసేవారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. మన నగరాలలో బయానా కాగితం చేతులు మారడమూ ఇటువంటిదే. తన వద్ద లేనిదానిని అమ్మరాదని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు చేసిన బోధను ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి.

ఈ సమస్య కొత్తది కాదు. సరుకుతో వచ్చే బిడారులకు ఊరి వెలుపలే ఎదురేగి, అంగడి ధర వారికి తెలియకముందే కొనివేసే అలవాటు నాటి వర్తకులలో ఉండేది. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. అలా అమ్మినవాడు అంగడికి చేరుకున్న తరువాత ఆ బేరాన్ని ఉంచుకోవాలో రద్దు చేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు అతనిదేనని తెలియజేశారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. నాడు ఆ బాటసారి అంగీకరించే అమ్మాడు, డబ్బు తీసుకునే వెళ్లాడు. అయినా ధర తెలియని అంగీకారాన్ని షరీఅత్ పూర్తి అంగీకారంగా పరిగణించలేదు.

అయితే ప్రకటన లేకుండా ఇల్లు అమ్మడం దానంతట అదే తప్పు కాదు. ఉమ్మడి ఆస్తిలో తన భాగాన్ని అమ్మదలచినవాడు ముందుగా భాగస్వామికి తెలియజేయాలన్నది ప్రవక్త (స) ఆదేశం. షుఫా హక్కుకు మూలం ఇదే. తమ ఇబ్బందులు బజారున పడకూడదని గుట్టుగా అమ్ముకునే కుటుంబాలూ ఉంటాయి. అటువంటివారి నుండి న్యాయమైన ధరకు కొనడం వారికి మేలే. ఇల్లు అంగడికి రాకపోవడంలో దోషం లేదు. ధర తెలియనివారిని, వేచి ఉండలేనివారిని ఏరి వెతకడంలోనే దోషం ఉంది.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సేవకుడు ఒకసారి ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హములకు బేరమాడి, సొమ్ము ఇప్పించడానికి యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), దాని విలువ ఇంకా ఎక్కువని అమ్మేవానికి తానే చెప్పి, ధరను పెంచుకుంటూ పోయి ఎనిమిది వందల దిర్హములు చెల్లించారు. ప్రతి ముస్లిం శ్రేయస్సునూ కోరుతానని తాను ప్రవక్త (స)కు ప్రమాణం చేశానని కారణం చెప్పారు. కొనేవాడే ధర పెంచిన ఈ బేరాన్ని మధ్యవర్తులు మననం చేసుకోవాలి.

అమ్మవలసి వచ్చిన కుటుంబాలకు కూడా కొన్ని మాటలు. బ్యాంకు నోటీసు రాగానే ఇల్లు మరునాడే పోతుందని చెప్పేవారి మాట నమ్మకండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం నోటీసు అందాక బాకీ తీర్చడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో బ్యాంకుతో మాట్లాడవచ్చు, బ్యాంకు వ్రాతపూర్వక అనుమతి తీసుకుని మంచి ధరకు అమ్ముకోనూ వచ్చు. మీ వీధిలో ఇటీవల అమ్ముడైన ఇళ్ల ధరలను ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన విలువ చాలాచోట్ల అసలు ధరకంటే తక్కువే ఉంటుంది, దానినే మార్కెట్ ధర అనుకోకండి. యాజమాన్యం రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే మారుతుంది. అయినా ఒప్పందంపై సంతకం చేస్తే దానిని అమలు చేయించమని కొనుగోలుదారు కోర్టుకు వెళ్లగలడు. కనుక ఇంటివారందరితో మాట్లాడి, ఒక రాత్రి ఆలోచించిన తరువాతే బయానా తీసుకోండి.

తండ్రి వదిలి వెళ్లిన ఇంటిలో కుమార్తెలకు, ఆయన భార్యకు అల్లాహ్ నిర్ణయించిన వాటా ఉంది (4:11-12). అన్నదమ్ముల సంతకాలతోనే పని ముగించాలని తొందరపెట్టే మధ్యవర్తి ఆడపడుచుల హక్కును కాజేయడానికి తోడ్పడుతున్నాడు. కష్టంలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమని దివ్యఖుర్ఆన్ ఉపదేశించింది (2:280). ఇల్లు అమ్మకుండానే ఖర్జె హసనాతో గట్టెక్కగల కుటుంబం ఉంటే, ఆ దారి చూపడం బంధువుల, జమాఅత్ పెద్దల బాధ్యత.

ఇక మన యువ సోదరునికి మా జవాబు. అవసరంలో ఉన్నవారిని వెతకండి, కానీ వారికి ముందుగా ఆ వీధి ధర చెప్పండి. మీకు ఎంత ముడుతుందో దాచకండి. వేరొకరిని విచారించుకోవడానికి వ్యవధి ఇవ్వండి. వారసులందరి సమ్మతి లేనిదే ముందుకు సాగకండి. ఒప్పందాన్ని వ్రాతలో, సాక్షుల సమక్షంలో ఉంచండి (2:282). ఇవన్నీ పాటించాక కూడా వారు మీకే అమ్మదలిస్తే, ఆ ప్రతిఫలం మీ శ్రమకు దక్కినది. ఇవి పాటిస్తే బేరమే కుదరదని మీకు అనిపిస్తే, ఇంతవరకు మీరు లాభం పొందినది శ్రమ వల్లనా, ఎదుటివారి నిస్సహాయత వల్లనా అన్నది మీరే తేల్చుకోగలరు.

అమ్మేవారు, కొనేవారు సత్యం పలికి లోపాలు దాచకుండా ఉంటే వారి బేరంలో శుభం ఉంటుందని ప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ మనందరికీ అటువంటి శుభప్రదమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.