గడియారం కేకేస్తే

"అమ్మా, వాచీ పెట్టుకున్నావా?" అని డాలస్ నుంచి మా అన్నయ్య రోజూ అడిగేవాడు. "ఆఁ, పెట్టుకున్నాన్రా" అని రాజమండ్రి నుంచి మా పెద్దమ్మ రోజూ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. బీరువాలో పట్టుచీరల కింద, అట్టపెట్టెతో సహా, భద్రంగా పెట్టుకుంది. అంత ఖరీదైన స్మార్ట్‌వాచీని చేతికి కట్టుకుని అంట్లు ముట్టుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

కిందటి కార్తీకంలో ఓ తెల్లవారుజామున తలస్నానానికి వెళ్లి, కళ్లు తిరిగి, గోడకి ఆనుకుని మెల్లగా కూలబడిపోయింది. లేవబోతే కాళ్లు నిలవలేదు. ఏడున్నరకి పనమ్మాయి వచ్చి, తలుపు బాదీ బాదీ, చివరికి వాచ్‌మన్‌ని పిలుచుకొచ్చేదాకా మూడు గంటలు తడి నేల మీదే ఉంది. ఎముకలేవీ విరగలేదు, బీపీ పడిపోయిందన్నారు డాక్టరు. ఆ వారమంతా చుట్టాల ఫోన్లలో ఒకటే మాట: "ఆ వాచీ చేతికి ఉండి ఉంటేనా..."

నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత దాన్ని బీరువాలోంచి తీయించి, ఛార్జింగు పెట్టి, సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచి చూశాను. చేతికి ఉన్నా ఏమీ ఒరిగేది కాదు.

కొన్న రోజే అన్నయ్య దాన్ని డాలస్‌లో తన వివరాలతో సిద్ధం చేసి పంపాడు. అంటే ఆ వాచీ దృష్టిలో మా పెద్దమ్మ నలభై ఆరేళ్ల మగవాడు. మనిషి పడిపోతే పసిగట్టే సదుపాయం అందులో పెద్దవాళ్లకైతే దానంతట అదే పనిచేస్తుంది, వయసులో ఉన్నవాళ్లు తామే ఆన్ చేసుకోవాలి. యాపిల్ సంస్థ 2018లో ఈ సదుపాయాన్ని తెచ్చినప్పుడు ఆ గీతను 65 ఏళ్ల దగ్గర గీసి, తర్వాత 55కి దించింది. నలభై ఆరేళ్ల మగవాడు ఏ లెక్కలోనూ రాడు.

సరే, ఆన్ చేసే ఉందనుకుందాం. పడటానికి మనకి ఎన్ని మాటలున్నాయో చూడండి. తట్టుకుని పడతాం, జారి పడతాం, తూలి పడతాం, ఒరిగిపోతాం, కూలబడతాం, సొమ్మసిల్లుతాం. వాచీకి వీటిలో మొదటి రెండూ బాగా తెలుసు. తట్టుకుని పడేవాడి చేతులు ఆసరా వెతుక్కుంటూ ముందుకి చాచుకుంటాయి. జారి పడేవాడి చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. ఆ కదలికనీ, వెంటనే తగిలే దెబ్బ తీవ్రతనీ వాచీలోని సెన్సర్లు కలిపి చదువుతాయి. దబ్బున పడితే మణికట్టు మీద తట్టి, మోగి, పడ్డారా అని అడుగుతుంది. ఇంచుమించు ఒక నిమిషం పాటు మనిషిలో కదలిక లేకపోతే తనే అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత, మనం ముందే రాసిపెట్టిన మనుషులకి ఎక్కడున్నామో మెసేజీ పంపుతుంది. గోడ పట్టుకుని మెల్లగా కూలబడిన మనిషి మాత్రం వాచీ లెక్కలో కూర్చున్న మనిషి కిందే జమ కావచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్లు పడిన సందర్భాలు గుర్తు చేసుకుంటే సగం కూలబడటాలే.

అలాగని ఇదంతా ఉత్త డాబు అని కొట్టిపారేయను. 2019 ఫిబ్రవరిలో నార్వేలో 67 ఏళ్ల ఒకాయన బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయాడు. ముఖం ఎముకలు విరిగి రక్తమోడుతుంటే, ఆయన చేతి వాచీయే పోలీసులకి ఫోన్ చేసి రప్పించింది. ఆ వార్తలో నాకు ఆశ్చర్యం కలిగించింది వాచీ తెలివి కాదు, బాత్రూంలో కూడా అది ఆయన చేతికి ఉండటం. మనవాళ్లు స్నానానికి ముందు తీసేది వాచీ, పూజకి కూర్చునే ముందు తీసేది వాచీ, రాత్రి ఛార్జింగుకి పెట్టి పడుకునేదీ వాచీయే. తడి బాత్రూంలోకీ, అర్ధరాత్రి నిద్రమత్తులో వేసే నాలుగడుగులకీ అది తోడు రాదన్నమాట. నీళ్లు తగిలితే గడియారం పాడైపోతుందని హెచ్‌ఎంటీ రోజుల్లో ఒంటబట్టిన భయం, 'వాటర్ రెసిస్టెంట్' అన్న ముక్క చదివితే పోతుందా?

ఇంతకీ ఆ వాచీ ఎవరికి కబురు పెట్టేది? అత్యవసర పరిచయాల జాబితా తెరిస్తే రెండే నంబర్లున్నాయి. ఒకటి అన్నయ్యది, రెండోది వదినది. రెండూ డాలస్‌వే. రాజమండ్రిలో మధ్యాహ్నం రెండైతే అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నరో మూడున్నరో. ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్న కొడుకుకి తెల్లారాక కనిపించే మెసేజీ అది. పోనీ వెంటనే చూశాడనుకున్నా ఏం చేస్తాడు, హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేస్తాడు. నేను రాజమండ్రిలో తెలిసినవాళ్ల నంబరు కోసం వెతుకుతాను. పెద్దమ్మకి సరిగ్గా కింది ఫ్లాట్‌లో ఉండే టీచరమ్మ, మెట్లెక్కితే నిమిషంలో చేరుకునే మనిషి, ఆ జాబితాలో లేదు. ఆవిడ నంబరు మా ఎవరి దగ్గరా లేదు. అమెరికాలో కొడుకులున్న ఇళ్లలో ఈ జాబితాను ఒకసారి తెరిపించి చూడండి, నూటికి తొంభై ఇలాగే ఉంటుందని నా పందెం. ప్రేమ ఉన్నచోటి నంబరు రాస్తాం, తాళంచెవి ఉన్నచోటి నంబరు రాయం.

తాళంచెవి మాట ఊరికే అనలేదు. మన దేశంలో అత్యవసర నంబరు 112. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, ఉమ్మడి రాష్ట్రంలో ఊరూరా తిరిగి, తర్వాత ఎన్నో రాష్ట్రాలకి పాకిన 108 అంబులెన్సు మనకి ఉండనే ఉంది. అక్షాంశ రేఖాంశాలు పంపే యంత్రం నిజానికి మనకే ఎక్కువ అవసరం. రామాలయం వెనక సందు, పాత పిండిమర దాటాక ఎడమచేతి వైపు అని చిరునామా చెప్పుకునే వాళ్లం కదా. కానీ అక్షాంశం, రేఖాంశం అపార్ట్‌మెంటు గేటు దాకానే తీసుకొస్తాయి. మూడో అంతస్తు అని చెప్పవు. లోపల గడియ వేసుకుని ఉందనీ చెప్పవు. మా పెద్దమ్మ ఒంటరిగా ఉండటం మొదలుపెట్టాక తలుపుకి అదనంగా రెండు గడియలు పెట్టించుకుంది. దొంగ రాకుండా వేసిన గడియ డాక్టరునీ రానివ్వదు.

ఇంకో చిక్కు సిమ్‌ది. ఈసిమ్ లేని వాచీ దగ్గర్లో ఫోనో, తనకి తెలిసిన వైఫైయో లేకపోతే మూగదే. ఫోను ఇంట్లో వదిలేసి సాయంత్రం గోదావరి గట్టు మీద నడవడానికి వెళ్లే వాళ్లకి అది గంట ఎంతైందో చెబుతుంది, అంతకు మించి సాయపడదు. దుకాణంలో ఈ తేడా చెప్పి అమ్మేవాళ్లు నాకైతే తగల్లేదు.

రోడ్డు ప్రమాదాల దగ్గరికొస్తే సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. 2022లో యాపిల్ తన ఫోన్లలోనూ వాచీల్లోనూ వాహన ప్రమాదాన్ని గుర్తించే ఏర్పాటు తెచ్చింది. భూమ్యాకర్షణకి 256 రెట్ల కుదుపును కూడా కొలవగల సెన్సరు అందులో ఉంది. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే కారులోపల మారే గాలి పీడనాన్ని బారోమీటరు పట్టుకుంటుంది. ఢీకొన్న చప్పుడును మైక్రోఫోను వింటుంది, ఉన్నట్టుండి ఆగిపోయిన వేగాన్ని జీపీఎస్ చూస్తుంది. పది సెకన్లు హెచ్చరించి, మరో పది సెకన్లు లెక్కపెట్టి, జవాబు రాకపోతే ఫోన్ చేస్తుంది. పనితనానికి వంక పెట్టలేం. మొదట్లో ఒహాయోలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల ఫోన్లూ, కొలరాడోలో మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల వాచీలూ హడావుడిగా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్లు కొట్టి సిబ్బందిని విసిగించాయి, అది వేరే కథ. (మా బాబాయి వాచీ కుడిచేతికి కట్టుకుంటాడు. అన్నవరంలో కొబ్బరికాయ కొట్టగానే "పడ్డారా?" అని అడిగిందట. "స్వామి పాదాల మీద" అన్నాడట.)

అయితే ఏయే వాహనాల్లో ఇది పనిచేస్తుందో ఆ సంస్థే చెప్పిన జాబితా చదివితే సెడాన్లు, ఎస్‌యూవీలు, మినీవ్యాన్లు, పికప్ ట్రక్కులు, ఇతర ప్రయాణికుల కార్లు కనిపిస్తాయి. మోటారుసైకిలు లేదు, స్కూటీ లేదు, ఆటో లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఎయిర్‌బ్యాగు విచ్చుకునే శబ్దం కోసం చెవులు రిక్కించిన వాచీ వాళ్ల కోసం తయారైంది కాదు. వాళ్లకి ఇప్పటికీ దిక్కు రోడ్డు పక్కన టీకొట్టు నడిపే మనిషే. అతను కేసుల్లో ఇరుక్కుంటానని భయపడకుండా ఉండటానికే 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షను పెట్టారు. సాయం చేసినవాడిని బాధ్యుణ్ని చేయరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. గాయం తగిలిన తర్వాతి గంటను 'గోల్డెన్ అవర్' అని అదే సవరణ చట్టంలోకి ఎక్కించింది. వాచీ కొన్న ప్రతి ఇంటికీ ఈ సెక్షను తెలుసా అంటే అనుమానమే, టీకొట్టు మనిషికి తెలుసా అంటే ఇంకా అనుమానం.

గుండె విషయంలో మాత్రం నాకు నిజంగా భయం వేస్తుంది. ఈసీజీ తీసే వాచీలు లయ తప్పిన గుండెను, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టగలవు. అది చిన్న మేలు కాదు, ఆ లయ తప్పడం పక్షవాతానికి దారి తీయగలదు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 4,19,297 మందితో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. అందులో నాడి తేడాగా ఉందని వాచీ హెచ్చరించింది 0.52 శాతం మందినే. అంటే ఊరికే బెదరగొట్టే యంత్రం కాదు. కానీ గుండెపోటును ఇది గుర్తించదు, ఆ మాట తయారుచేసినవాళ్లే చెబుతారు. ఆసుపత్రిలో తీసే ఈసీజీ గుండెను పన్నెండు కోణాల్లోంచి చూస్తుంది, వాచీ ఒక్క కోణంలోంచి చూస్తుంది. ఇంటికి ఒకే కిటికీ ఉంటే పెరట్లో మంట కనిపించకపోవచ్చు.

మన ఇళ్లలో గుండెపోటుకి ఉన్న ముద్దుపేరు గ్యాస్. ఛాతీలో నొప్పి వస్తే సోడా తాగుతాం, వాము నములుతాం, అటూ ఇటూ నడుస్తాం. ఇప్పుడు దీనికి తోడు వాచీ చూసుకుంటున్నాం. ఈ మధ్య ఒక పెళ్లిలో, చెమటలు పట్టి ఎడమ భుజం నొక్కుకుంటున్న ఒకాయన నా కళ్ల ముందే మణికట్టు చూసుకుని "అబ్బే, నార్మల్ చూపిస్తోందండీ" అన్నాడు. పక్కనున్న వాళ్లావిడ ఆ మాట చెవిన పెట్టకుండా కారు తీయించింది. గుండెపోటే. ఆయన బతికింది ఆవిడ మొండితనం వల్ల.

ఇక రెండువేల లోపు దొరికే వాచీల సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. వాటిలో ఒకదాన్ని మా ఇంట్లో పిల్లలు వంకాయకి కట్టి చూశారు. నాడి నిమిషానికి 78, ఆరోగ్యంగా ఉంది. సూది గుచ్చకుండా షుగరు చెబుతామనే వాచీలనూ ఉంగరాలనూ నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఆ లెక్క చూసి ఇన్సులిన్ డోసు మార్చుకున్నవాడికి ప్రాణం మీదికొస్తుంది.

పెద్దమ్మ వాచీని మేం బీరువాకి తిరిగి పంపలేదు. పుట్టినతేదీ మార్చాం, డెబ్భై నాలుగేళ్ల ఆడమనిషిని చేశాం. ఛార్జింగు రాత్రిపూట కాదు, మధ్యాహ్నం సోఫాలో కూర్చుని సీరియల్ చూసే గంటలో. స్నానానికి తీయనని వినాయకుడి మీద ఒట్టు వేయించుకున్నాం. జాబితాలో మొదటి నంబరు టీచరమ్మది, రెండోది వాచ్‌మన్‌ది. అన్నయ్య మూడో స్థానానికి దిగాడు. కొంచెం నొచ్చుకున్నాడు కూడా. అదనపు గడియలు పీకించి, ఒక తాళంచెవి టీచరమ్మ వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన మేకుకి తగిలించాం.

పోయిన నెల ఓ సాయంత్రం పూరీపిండి పిసుకుతుంటే మణికట్టు వంగి వాచీ పక్క మీట నొక్కుకుపోయింది. కుయ్‌కుయ్‌మని మోగి, 112కి ఫోన్ వెళ్లిపోయింది. అటువైపు అమ్మాయి ఏం జరిగిందమ్మా అంటే, ఏమీ లేదమ్మా పూరీలు, అని పెద్దమ్మ సంజాయిషీ ఇచ్చుకుంది. ఆ ఫోను ముగియగానే మెసేజీ అందుకున్న టీచరమ్మ తాళంచెవి పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా పైకి పరిగెత్తుకొచ్చింది. వచ్చినావిడ పూరీలు తిని, కాఫీ తాగి, తన కోడలి సంగతులు చెప్పి ఏడున్నరకి దిగి వెళ్లిందట.

ఇలా పొరపాటున మోగకుండా ఏదో సెట్టింగు ఉంటుంది, మారుస్తానని అన్నాను. "ఉండనీ నాన్నా," అంది పెద్దమ్మ, "వారానికోసారి మోగితే ఏం పోయింది?"