బండ్లు సాగినయ్, కథ సాగలేదు

కర్క్ డగ్లస్, రాబర్ట్ మిచమ్, రిచర్డ్ విడ్‌మార్క్. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరున్నా కళ్లు మూసుకొని టికెట్ కొనే కాలం ఒకటుండేది. ముగ్గురూ ఒకే తెరమీద ఉంటే ఇక చెప్పేదేముంది? పైగా మూలం ఎ.బి. గత్రీ నవల. 1949లో అచ్చయి 1950లో పులిట్జర్ బహుమతి తెచ్చుకున్నది. ‘షేన్’ సినిమాకు స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఈ గత్రీయే. అందుకే 1967 నాటి ‘ది వే వెస్ట్’ దొరికిందని ఒక మిత్రుడు చెప్పగానే మొన్న ఆదివారం నలుగురం చాయ్ గ్లాసులు పట్టుకొని కూర్చున్నాం. రెండు గంటల తర్వాత చాయ్ ఒక్కటే బాగుందని తేలింది.

కథ 1843 నాటిది. మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ నుంచి ఒరెగాన్‌కు బయలుదేరిన గూడుబండ్ల బిడారు. మన దగ్గర కచ్చురం అంటామే, దానికి నాలుగు చక్రాలు, తెల్లటి గుడ్డ గూడు పెట్టి ఇల్లంత సామాను నింపితే ఎట్లుంటదో అట్లాంటి బండ్లు. దాదాపు రెండు వేల మైళ్ల దారి. నాయకుడు సెనేటర్ టాడ్‌లాక్ (డగ్లస్). పడమరన కొత్త నగరం కట్టాలని కలగనే మనిషి. మాటంటే మాటే, ఎదురు చెప్తే కొరడానే. దారి చూపే సమ్మర్స్‌కు (మిచమ్) కంటిచూపు మందగిస్తున్నది. రైతు లైజ్ ఎవాన్స్ (విడ్‌మార్క్) పెత్తనం సహించలేడు. నవలలో మెల్లగా నాయకుడిగా ఎదిగేది ఈ ఎవాన్సే. మామూలు మనిషి పదిమంది బాధ్యత నెత్తికెత్తుకోవడమే ఆ నవల అసలు ముచ్చట. సినిమావాళ్లు దాన్ని పక్కనపెట్టి డగ్లస్ చుట్టూ కథ తిప్పారు. పెద్ద హీరో దొరికితే రచయిత గతి ఏమవుతదో మనకు కొత్తగా చెప్పాలా?

బాగున్నవి చెప్పకపోతే అన్యాయం. విలియం క్లోథియర్ కెమెరా ఆ కొండల్ని, నదుల్ని చూపిన తీరు కళ్లు తిప్పుకోనివ్వదు. నిట్టనిలువు లోయలోకి బండ్లను, మనుషులను తాళ్లతో దించే ఘట్టం ఊపిరి బిగబట్టి చూడాల్సిందే. ఇట్లాంటిది 1930లోనే జాన్ వేన్ ‘ది బిగ్ ట్రయల్’లో వచ్చింది, అయినా ఇక్కడ కూడా పండింది. మిచమ్ ఎప్పటిలాగే ఏమీ చేయనట్టుంటూనే పని జరిపిస్తాడు. చిన్నపిల్లగా సాలీ ఫీల్డ్ కనిపిస్తుంది, ఆమెకు ఇదే తొలి సినిమా. అంతే, మెప్పు అయిపోయింది.

దర్శకుడు ఆండ్రూ మెక్‌లాగ్లెన్. తొక్కిసలాట, ఉరి, ప్రసవించని పెళ్లికాని పిల్ల, ఎడారి దాహం, లోయ, ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయి. ఏదీ మనసులో దిగదు. దిగాల్సింది మాత్రం ఒకటున్నది. సినిమా మొత్తానికి గుండెకాయ అదే.

బిడారులోని మాక్ అనే కొత్త పెళ్లికొడుకు చీకట్లో తోడేలు అనుకొని తుపాకీ పేలుస్తాడు. పడింది తోడేలు కాదు, తోడేలు తోలు కప్పుకున్న సూ తెగ పిల్లవాడు, తెగ నాయకుడి కొడుకు. తెగవాళ్లు వచ్చి న్యాయం అడుగుతారు. కానుకలిస్తాం పొమ్మంటే పోరు. చంపినవాడు కావాలంటారు. చివరికి టాడ్‌లాక్ మాక్‌ను ఉరితీయిస్తాడు.

ఇక్కడ మేం నలుగురం ముందుకు జరిగి కూర్చున్నాం. ఎందుకంటే ప్రశ్న అసలైనది. ఎవరి నేలమీద నడుస్తున్నామో వాళ్ల పిల్లవాడిని చంపినప్పుడు ఏ చట్టం వర్తిస్తది? మిస్సోరి చట్టమా, సూ వాళ్ల న్యాయమా, సెనేటర్ గారి ఇష్టమా? టాడ్‌లాక్ చేసింది న్యాయమా, లేక చుట్టూ మోహరించిన తెగను చూసి పుట్టిన భయమా? ఈ ఒక్క ముడి పట్టుకొని ఉంటే గొప్ప సినిమా అయ్యేది. ఏం చేశారు? ఉరి అయిపోయింది, బండ్లు కదిలాయి, చచ్చిపోయిన పిల్లవాడి ఊసే మళ్లీ లేదు. మాక్ భార్య పగ మాత్రం ఆఖరి రీలు దాకా నడుస్తుంది. టాడ్‌లాక్ లోయలోకి దిగుతుంటే ఆమె తాడు కోసేస్తుంది. ఇద్దరు చనిపోతే ఒకరి చావుకే కథలో లెక్క ఉన్నదన్నమాట.

ఇంకొకటి. టాడ్‌లాక్‌కు సాండర్స్ అనే నల్లజాతి బానిస ఉన్నాడు. తొక్కిసలాటలో కొడుకు చనిపోయాక టాడ్‌లాక్ దుఃఖం పట్టలేక తన బానిస చేతికే కొరడా ఇచ్చి, నన్ను కొట్టు అంటాడు. డగ్లస్ నటించేస్తాడు, వాద్యాలు మోగిపోతాయి, మనం కన్నీళ్లు పెట్టుకోవాలి. మాకు మాత్రం పీటర్ బర్నెట్ గుర్తొచ్చాడు. ఈయన కల్పిత పాత్ర కాదు. 1843 నాటి నిజమైన బిడారులో కెప్టెన్‌గా ఎన్నికై, కొద్దిరోజులకే దిగిపోయిన మనిషి. ఒరెగాన్ చేరినంక 1844లో ఆయన పూనికతో అక్కడి తాత్కాలిక ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బానిసత్వం ఉండదు, మంచిదే. కానీ నల్లవాళ్లు కూడా ఉండొద్దు. గడువులోగా వెళ్లిపోని వాళ్లకు ఇరవై నుంచి ముప్పై తొమ్మిది కొరడా దెబ్బలు. కొరడా నిబంధనను అమలు కాకముందే మార్చారు, మరుసటేడు చట్టమే రద్దయింది. అయినా ఆ బుద్ధి పోలేదు. 1857లో రాసుకున్న రాజ్యాంగంలో నల్లవాళ్ల రాకను నిషేధించారు, ఆ రాజ్యాంగంతోనే 1859లో ఒరెగాన్ రాష్ట్రమైంది. ఆ వాక్యాన్ని తీసేసింది 1926లో. బర్నెట్ గారు ఈలోపల కాలిఫోర్నియాకు పోయి అక్కడ తొలి గవర్నర్ అయ్యారు.

కొరడా ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి వీపు మీద పడబోయింది? సినిమా దాన్ని తలకిందులు చేసి దొరవారి పశ్చాత్తాపంగా చూపించింది. సాండర్స్ ఏమనుకున్నాడో అడిగినవాడు లేడు. నిజానికి అడగదగ్గ మనిషి చరిత్రలో ఉన్నాడు. జార్జ్ బుష్ అనే నల్లజాతి రైతు 1844లో కుటుంబంతో మిస్సోరి నుంచి ఇదే దారిలో వచ్చాడు. ఒరెగాన్ చేరాక ఈ చట్టం సంగతి తెలిసి, కొలంబియా నది దాటి ఉత్తరాన ప్యూజెట్ సౌండ్ వైపు వెళ్లి స్థిరపడ్డాడు. ఆయన సాగుచేసుకున్న 640 ఎకరాలు ఆయనకే చెందాలంటే 1855లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సివచ్చింది. సినిమా తీస్తే ఈ మనిషి మీద తీయాలి.

మా మిత్రుల్లో ఒకరు అడ్డం తగిలారు. ‘సినిమాను సినిమాగా చూడరాదా? చరిత్ర పాఠం ఎందుకు?’ అని. సరే. కానీ ఇది మాయల ఫకీరు కథ కాదు గదా. సంవత్సరం చెప్తుంది, ఊర్ల పేర్లు చెప్తుంది, ఇదిగో ఈ దేశం ఇట్లా కట్టబడిందని గొంతెత్తి చెప్తుంది. అట్లా చెప్పినప్పుడు లెక్క అడిగే హక్కు చూసేవాడికి వస్తది.

వచ్చినవాళ్ల కష్టం అబద్ధమని మేం అనడం లేదు. 1843లో దాదాపు వెయ్యి మంది, వందకు పైగా బండ్లు. ఎడ్లు అలిసిపోతాయని పిల్లలు, ఆడవాళ్లు చాలామంది నడిచే వచ్చారు. ఆ ఏడాది కొలంబియా నదిలో పడవ తిరగబడి ఆపిల్‌గేట్ అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు మునిగిపోయారు. ఆ దుఃఖంతోనే ఆ కుటుంబం 1846లో దక్షిణం నుంచి వేరే దారి వేసింది. తర్వాతి ఏండ్లలో కలరా ఎందరినో మింగింది. సినిమాల్లో చూసినట్టు మూలవాసుల బాణాలకే అందరూ చచ్చిపోలేదు. జాన్ అన్‌రూ అనే చరిత్రకారుడు 1979లో అచ్చయిన పుస్తకంలో లెక్క తీశాడు. 1840 నుంచి 1860 వరకు మూలవాసుల చేతుల్లో చనిపోయిన బాటసారులు 362 మంది. బాటసారుల చేతుల్లో చనిపోయిన మూలవాసులు 426 మంది. ఈ రెండో అంకెను హాలీవుడ్ ఎన్ని సినిమాల్లో చూపించింది?

కష్టపడి రావడం వేరు, వచ్చిన జాగ ఖాళీగా ఉన్నదనడం వేరు. బండ్లు చేరాల్సిన విల్లమెట్ లోయ కలపూయ ప్రజలది. 1830ల్లో బయటి నుంచి వచ్చిన చలిజ్వరం, అంటే మలేరియా, ఆ లోయను ఊడ్చిపెట్టింది. పదిమందిలో తొమ్మిది మంది దాకా పోయారని చరిత్రకారుల అంచనా. వలస వచ్చినవాళ్లు చూసిన ‘ఖాళీ నేల’ అది. ఆపైన 1850లో అమెరికా ప్రభుత్వం భూమి పంచింది. తెల్లవాడు ఒంటరైతే 320 ఎకరాలు, దంపతులైతే 640. అప్పటికి ఆ భూమి మూలవాసుల నుంచి ఒప్పందం ద్వారా తీసుకున్నదే కాదు. ముందు పట్టాలు, తర్వాత ఒప్పందాలు! సుమారు 25 లక్షల ఎకరాలు అట్లా పోయాయి. 1855లో కలపూయల చేత సంతకాలు పెట్టించుకున్నారు. 1856లో అనేక తెగలవాళ్లను నడిపించి గ్రాండ్ రోండ్ అనే చోటికి తోలారు. అదీ బిడారే. దానిమీద ముగ్గురు హీరోలతో సినిమా రాలేదు.

ఇదంతా రెండు గంటల్లో చూపమని ఎవరూ అడగరు. ఆ నేలకు మనుషులున్నారన్న సోయి ఉంటే చాలు. 2010లో కెల్లీ రైకార్డ్ అనే దర్శకురాలు ‘మీక్స్ కటాఫ్’ తీసింది. 1845లో ఒరెగాన్ దారిలోనే దారి తప్పిన మూడు కుటుంబాల కథ. ఖర్చు తక్కువ, పేరున్న ఘట్టాలు లేవు, నీళ్ల కోసం నడక తప్ప దాదాపు ఏమీ జరగదు. దారిలో ఒక మూలవాసి పట్టుబడతాడు. అతను మాట్లాడేది బిడారులో ఎవరికీ అర్థం కాదు, మనకూ అనువదించి చెప్పరు. అతన్ని నమ్మాలా, దారి తెలుసని గొప్పలు చెప్పుకునే తెల్ల నాయకుణ్ణి నమ్మాలా అనేదే కథ. దాని ముందు డగ్లస్ గారి గర్జనలు మైకు పగిలినట్టుంటాయి.

‘ది వే వెస్ట్’లో చాలాభాగం ఒరెగాన్ రాష్ట్రంలోనే తీశారు. మేం కళ్లార్పకుండా చూసిన ఆ కొండలు, నదులు అక్కడివే. ఆ సినిమా విడుదలైన 1967 నాటికి, అదే రాష్ట్రంలో గ్రాండ్ రోండ్ ప్రజలకు తెగగా గుర్తింపు లేదు. 1954లో చేసిన ఒక చట్టంతో పశ్చిమ ఒరెగాన్ తెగలన్నిటినీ కాగితం మీద రద్దుచేశారు. మనుషులు అక్కడే ఉన్నారు, తెగ మాత్రం లేదన్నారు. వాళ్లు సమావేశాలు పెట్టుకొని, దరఖాస్తులు పట్టుకొని వాషింగ్టన్ దాకా తిరిగి, గ్రాండ్ రోండ్ గుర్తింపును మళ్లీ తెచ్చుకున్నది 1983లో.