ప్రతులకు

కొత్త తెలుగు పుస్తకం చేతికొస్తే కొందరు ముందుమాట చదువుతారు. కొందరు అంకితం ఎవరికిచ్చారో చూస్తారు. నేను వెలా, అచ్చయిన సంవత్సరమూ ఉండే పేజీకి వెళతాను. ఆ పేజీ అడుగున 'ప్రతులకు' అని ఉంటుంది, దాని కింద రెండో మూడో చిరునామాలు. జిల్లాలో చదువుకునే రోజుల్లో హైదరాబాదు నాకు ఆ చిరునామాల ద్వారానే పరిచయం. కాచిగూడ చౌరస్తాలో ఆర్యసమాజ్ మందిరం ఎదురుగా నవోదయ బుక్ హౌస్ ఉందని తెలుసు. బ్యాంక్ స్ట్రీట్‌లో విశాలాంధ్ర ఉందని తెలుసు. ఆ వీధి కోఠీకి ఏ పక్కనో మాత్రం తెలియదు. డిగ్రీ అయ్యాక ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఆ చిరునామాలు కాగితం మీద రాసుకుని కాలినడకన తిరిగాను. అప్పటి నుంచి ఈ నగరంలో నాకు దారి గుర్తులు పుస్తకాల కొట్లే.

ఇన్నేళ్ళు తిరిగాక నాకు అర్థమైంది ఒకటుంది. పుస్తకాల కొట్లలో అడిగితే ఇచ్చేవి కొన్ని, అడగకుండానే ఇచ్చేవి కొన్ని. మొదటి రకం కొట్టుకు వెళ్ళేసరికి పుస్తకం పేరు మన నోట్లో ఉండాలి. రెండో రకంలో పేరు కొట్టే చెబుతుంది. నగరానికి రెండూ కావాలి. కాని పాఠకుణ్ణి తయారుచేసేది రెండోదే, తెలుగుకు తరిగిపోతున్నదీ అదే.

అడిగితే ఇచ్చే కొట్లు చూడాలంటే కాలేజీలు తెరిచే రోజుల్లో కోఠీ వెళ్ళాలి. మంచం పట్టేంత వెడల్పు కూడా లేని కొట్లు. బల్లకు ఇవతల మనం, అవతల కప్పు దాకా పేర్చిన ఇంజనీరింగు, వైద్యం, న్యాయశాస్త్రం పుస్తకాలు. రచయిత పేరు సగం చెప్పేలోపే కుర్రాడు అటక ఎక్కి పుస్తకం దించుతాడు. ఎన్నో ముద్రణ కావాలి, కొత్తదా పాతదా, ఇంతే అతను అడిగేది. పాతదైతే సగం ధర, ఒక్కోసారి అంతకంటే తక్కువ. చదువయ్యాక తెచ్చిస్తే మళ్ళీ కొంత డబ్బు చేతిలో పెడతారు. ఊరి నుంచి వచ్చిన పేదింటి పిల్లల పుస్తకాల ఖర్చును ఈ కొట్లు ఎన్ని తరాలుగా తగ్గిస్తున్నాయో ఏ ప్రభుత్వ లెక్కల్లోనూ కనబడదు. ఒకే అనాటమీ పుస్తకం మీద నాలుగు చేతిరాతల్లో గీతలు, అంచుల్లో నాలుగు రంగుల సిరా. చివరి విద్యార్థికి మొదటి ముగ్గురి చదువు కూడా కలిసొస్తుంది.

అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు కొట్లూ ఇలాంటివే. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే అక్కడి సందులు కిక్కిరిసిపోతాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున చోటు పట్టుకుని కూర్చున్న పిల్లలు సాయంత్రం టీ తాగుతూ ఈ కొట్ల ముందే నిలబడి ఉంటారు. వాళ్ళు అడిగే మొదటి పుస్తకం తెలుగు అకాడమీది. తెలుగు మాధ్యమంలో ఉన్నత విద్యకు పాఠ్యపుస్తకాలు తయారుచేయాలని 1968లో పెట్టిన సంస్థ అది. పీవీ నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. డిగ్రీ తరగతుల కోసం రాసిన చరిత్ర, ఆర్థికశాస్త్రం పుస్తకాలు ఇవాళ ఉద్యోగ పరీక్షల అభ్యర్థికి ఆధారమయ్యాయి. తెలుగులో గంభీరమైన విషయాలు చదివేవాళ్ళు లేరనేవారు ఒక్కరోజు ఈ సందులో నిలబడితే చాలు. శాసనోల్లంఘన నుంచి ద్రవ్యోల్బణం దాకా తెలుగులో చదువుతున్నవాళ్ళు వందల సంఖ్యలో ఎదురవుతారు. పరీక్ష అయిపోయాక వీళ్ళలో ఎంతమంది చేతిలో తెలుగు పుస్తకం మిగులుతుందన్నదే నన్ను వేధించే ప్రశ్న.

కాచిగూడ నవోదయకు వస్తే వాతావరణమే వేరు. ఇక్కడ బీరువాల మధ్య తిరగొచ్చు. నిన్న వచ్చిన కవితా సంపుటి, ముప్ఫయ్యేళ్ళ నాటి నవలకు కొత్త ముద్రణ, ఎవరో మాస్టారు వాళ్ళ మండల చరిత్ర రాసి సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకం, అన్నీ పక్కపక్కనే. తెలుగులో పుస్తకం వేసే పద్ధతి తెలిస్తేనే ఈ కొట్టు విలువ తెలుస్తుంది. చాలామంది రచయితలు ఐదు వందలో వెయ్యో ప్రతులు సొంత డబ్బుతో అచ్చు వేయించుకుంటారు. పెద్ద ప్రచురణకర్త ఎవరూ వెనక ఉండరు. ఆ కట్టలు ఇంట్లో మంచం కింద పడి ఉండకుండా పాఠకుడి దాకా చేరాలంటే ఎవరో ఒకరు కొట్లో పెట్టుకోవాలి. నవోదయ ఆ పని చేసింది, చేస్తోంది. అందుకే వందల పుస్తకాల్లో 'ప్రతులకు' కింద ఆ చిరునామాయే కనిపిస్తుంది. అక్కడ నా పక్కన నిలబడి పుస్తకం తిరగేస్తున్న పెద్దమనిషి, కాసేపటికి మాటల్లో, నేను చేత్తో పట్టుకున్న పుస్తకం రాసినాయనే అని తేలింది. ధర చూసి వెనక్కి పెట్టేయబోతున్నవాణ్ణి, తీసుకున్నాను. ఆ పుస్తకం మంచిదే.

బ్యాంక్ స్ట్రీట్ కొట్టుది ఇంకో చరిత్ర. నా తరానికి విశాలాంధ్ర అంటే సోవియట్ పుస్తకాలు. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, తెలుగులో అచ్చువేసి ఇక్కడికి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటి వాళ్ళు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, పిల్లల పుస్తకాలైతే రంగుల బొమ్మలు. వెల ఒక పూట భోజనం కంటే తక్కువ. ఏ రాజకీయాలూ తెలియని ఇళ్ళలోకి కూడా టాల్‌స్టాయ్, గోర్కీ, చెహోవ్ ఆ ధర వల్లే వచ్చారు. పట్టణాల్లో కొట్టు లేని చోటికి పుస్తకాల వ్యాను వెళ్ళేది. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ పుస్తకాల రాక ఆగింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోని విశాలాంధ్ర కొట్లు నవచేతన అయ్యాయి, ప్రజాశక్తి కొట్లు నవతెలంగాణ అయ్యాయి. బోర్డు మారినా బ్యాంక్ స్ట్రీట్‌లో పుస్తకం దొరుకుతోంది, నాకు అది ముఖ్యం.

ఈ కొట్లన్నీ ఈ చుట్టుపక్కలే ఎందుకు చేరాయని ఆలోచిస్తే నాకొక కారణం తోస్తుంది. సుల్తాన్ బజార్ ప్రాంతం ఒకప్పటి రెసిడెన్సీ బజారు. 1933 దాకా అది బ్రిటిష్ రెసిడెంటు అధీనంలో ఉండేది. రాజభాష ఉర్దూ అయిన ఊళ్ళో తెలుగువాళ్ళ సభలకూ సంస్థలకూ ఇక్కడే కాస్త ఊపిరాడేది. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో వెలిసింది ఈ ప్రాంతంలోనే. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని 1906లో మొదలుపెట్టిందీ ఈ నగరంలోనే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో దాని ప్రచురణలు ఆరంభమయ్యాయి. తెలుగు చదువుకోవడానికి బడి దొరకడమే కష్టమైన కాలంలో ఈ వీధుల్లో పుస్తకం నిలబడింది. కాచిగూడ నుంచి కోఠీ నడిచే ప్రతిసారీ ఆ సంగతి నా కాళ్ళకు గుర్తొస్తుంది.

సుల్తాన్ బజార్‌లోనే గీతా ప్రెస్ వారి కొట్టుంది. గోరఖ్‌పూర్‌లో 1923లో మొదలైన ఆ సంస్థ తెలుగులో వేసే గీత, రామాయణం ఎంత చవకో కొన్నవాళ్ళకు తెలుసు. హిమాయత్‌నగర్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆలయం దగ్గర పోతన భాగవతం సంపుటాల కోసం అడిగే పెద్దలు కనిపిస్తారు. మూసీ దాటితే మచ్లీ కమాన్ దగ్గర హుస్సామీ బుక్ డిపో లాంటి ఉర్దూ కొట్లు. దక్కనీ కవిత్వం, నగర చరిత్ర, మతగ్రంథాలు, పిల్లల వాచకాలు అన్నీ ఒకే గదిలో. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా ఆ కొట్లకు వెళతాను, ఎందుకంటే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో తెరవడానికి అనువాదశాల ఒకటి పెట్టి విజ్ఞానశాస్త్రాలన్నీ ఉర్దూలోకి తెచ్చిన ఊరిది. దేశభాషలో పై చదువులు సాధ్యమేనని ఈ నగరం ఎప్పుడో చేసి చూపించింది. తెలుగువాళ్ళం ఆ అనుభవం నుంచి నేర్చుకున్నది చాలా తక్కువ.

ఇక ఆదివారం ఆబిడ్స్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. వారమంతా బట్టలూ చెప్పులూ అమ్మే కొట్ల షట్టర్లు ఆదివారం దిగి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు పేవ్‌మెంట్ మీద పట్టాలు పరిచి, వాటి మీద పుస్తకాలు పోస్తారు. కొన్ని రాసులు ఇరవై, కొన్ని యాభై, కొన్ని వంద. వంగి వెతకాలి, నడుము నొప్పి పుట్టాలి. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల కింద తెలుగు వ్యాకరణం ఉంటుంది, కంప్యూటర్ పుస్తకాల మధ్య పాత ఎమెస్కో పాకెట్ బుక్ ఉంటుంది, బైండు చేసిన చందమామలు ఉంటాయి. చందమామ అయితే ఇప్పుడు అమ్మేవాడే ముందు తీసి పక్కన పెట్టుకుంటున్నాడు, ఆ ధర వేరు. పుస్తకం చదవని అమ్మకందారుకు కూడా పుస్తకం విలువ తెలుసు. ఏ వీధిలో ఏ పెద్దాయన పోతే ఎలాంటి బీరువా ఖాళీ అవుతుందో వాళ్ళకు తెలుసు.

అక్కడ కొన్న ఒక కథల పుస్తకం లోపలి అట్ట మీద 'వక్తృత్వపు పోటీ, ద్వితీయ బహుమతి, 1963' అని వంకీల అక్షరాల్లో రాసి ఉంది. ఏదో హైస్కూలు హెడ్మాస్టరు సంతకం. ఆ బహుమతి అందుకున్న అబ్బాయో అమ్మాయో దాన్ని ఎన్ని ఇళ్ళు మారినా పారేయలేదు. చివరికి ఇరవై రూపాయలకు నా దగ్గరికి వచ్చింది. ఆ పుస్తకం ఫలానాది కావాలని నేను ఏనాడూ అడిగి ఉండేవాణ్ణి కాదు. ఉందని తెలిస్తే కదా అడగడం. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ పేవ్‌మెంట్ బోసిపోయింది. మళ్ళీ పట్టాలు పరిచారని తెలిసిన ఆదివారం నేను వెళ్ళింది కొనడానికి కాదు, వాళ్ళంతా ఉన్నారో లేదో చూడడానికి. కొందరు లేరు.

కొట్లు మూతపడడం ఈ ఊరికి కొత్త కాదు. ఆబిడ్స్‌లో ఏ.ఏ. హుసేన్ కొట్టు పోయింది. బేగంపేటలో వాల్డెన్ పోయింది. ఇప్పుడు మాల్స్‌లో అద్దాల పుస్తకాల దుకాణాలున్నాయి. చల్లగా, శుభ్రంగా ఉంటాయి. పిల్లలు నేల మీద కూర్చుని చదువుకుంటారు, అది నాకు నచ్చుతుంది. కాని తెలుగు ఎక్కడని అడిగితే చివర ఒక్క అర చూపిస్తారు. అందులో వంటలు, వ్యక్తిత్వ వికాసం, రెండు మూడు అనువాదాలు. నగరం పడమటికి పెరిగింది. తెలుగు పుస్తకాల కొట్లు చాలావరకు పాతచోటే నిలిచాయి. మియాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఉద్యోగం చేసే తెలుగు పాఠకుడికి ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు నడిచిపోయే భాగ్యం లేదు.

పాఠకులు లేరనే మాట నేను ఒప్పుకోను. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగే రోజుల్లో ఒక సాయంత్రం వెళ్ళి చూడండి. అన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త ప్రచురణ సంస్థల స్టాళ్ళ ముందు పాతికేళ్ళ పిల్లలు తొక్కిసలాడుతుంటారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్టాలులో 'ఏడు తరాలు' ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటుంది. 1980లో మొదలైన ఆ సంస్థ తొలి రోజుల పుస్తకం అది. ఈ పిల్లలే మిగతా పదకొండు నెలలూ ఫోనులో కొంటారు. ఫోను అడిగితే ఇచ్చే కొట్టే. పేరు తెలిసినవాడికి ఇంటికి తెచ్చిస్తుంది, మేలే. కాని కుప్పపోసిన రాశిలోంచి పేరు తెలియని పుస్తకాన్ని తీసి చేతికివ్వడం దానికి చేతకాదు. ఎక్కువమంది కొన్నదాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. ఐదు వందల ప్రతులు వేసుకున్న కవి అందులో కనిపించడు.

ఈ మధ్య వచ్చిన పుస్తకాల్లో నేను అలవాటుగా ఆ పేజీ తీసి చూస్తున్నాను. 'ప్రతులకు' అనే మాట ఉంది. దాని కింద రచయిత సెల్ నంబరు, ఒక వెబ్‌సైటు పేరు. కొన్నిటిలో అంతే. చౌరస్తా లేదు, వీధి లేదు, ఎదురుగా ఆర్యసమాజ్ లేదు. రచయితల కష్టం నాకు తెలియనిది కాదు. కొట్టుకు వెలలో మూడో వంతో అంతకు మించో కమీషను ఇవ్వాలి. అమ్మిన డబ్బు కోసం నెలలు తిరగాలి. నా పుస్తకం తాలూకు బాకీ ఒక కొట్టు నుంచి నాకు రానే లేదు. అయినా మరుసటి పుస్తకం కొట్లకే ఇచ్చాను, ఎందుకంటే నేను పాఠకుణ్ణయింది కొట్టులో.

రచయితలకూ ప్రచురణకర్తలకూ ఒక విన్నపం. మీ కొత్త పుస్తకం పది ప్రతులు మీ ఊళ్ళో, మీ పేటలో ఏదో ఒక కొట్లో పెట్టండి. అది చిన్న స్టేషనరీ కొట్టయినా పరవాలేదు. ఆ కొట్టు చిరునామా 'ప్రతులకు' కింద అచ్చువేయండి, ఏ గుడి పక్కనో, ఏ బడి ఎదురుగానో కూడా రాయండి. ఎక్కడో జిల్లాలో కూర్చుని ఆ పేజీ చదివే పిల్లలు ఇంకా ఉన్నారు.