మగ్గాల చప్పుడులో మనసుల సవ్వడి

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో అడుగు పెట్టినవారికి ముందుగా వినిపించేది మరమగ్గాల చప్పుడు. ఆ తరువాత వినిపించేది తెలుగు. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపింది.

కొన్నేళ్ళ క్రితం ఒక స్నేహితుని మేనమామ నన్ను తాను పనిచేసే మగ్గాల శాలకు తీసుకొని వెళ్ళాడు. లోపల ఒక యువకుడు కండెలు చుట్టే యువతి దగ్గరకు వచ్చి, ఆమె చెవి దగ్గర ముఖం ఉంచి ఏదో చెప్పాడు. ఆమె తల ఊపి, నవ్వి, అతని చెవిలో బదులు చెప్పింది. బయటికి వచ్చిన తరువాత నేను లోకజ్ఞుడిలా చిరునవ్వు నవ్వి, "మామా, ఆ ఇద్దరి సంగతి ఇంట్లో పెద్దలకు తెలుసునా?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. "అది ప్రేమ గాదు బిడ్డా, మగ్గం చప్పుడు. ఈడ చెవిల చెప్పకుంటె మాట ఇనవడది. దారం తెగిందని చెప్పిండు, అంతే" అన్నాడు. కాసేపు ఆగి, "నువ్వు నవ్వి పోతవు. గా మాట మా వాడల పడితె ఆ పిల్ల రేపటి సంది పనికి రాదు" అన్నాడు.

ఇతరుల మధ్య అనురాగాన్ని కనిపెట్టగలమనే నమ్మకం మనందరికీ ఉంటుంది. పెళ్ళివిందులోనైనా, కార్యాలయంలోనైనా ఇద్దరు ఒకచోట నిలుచుంటే చాలు, మన కన్నులు వారి చేతులనూ, చూపులనూ చదవడం మొదలుపెడతాయి. ఈ చదువు కొత్తది కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాలలో కన్య మనసును పట్టి ఇచ్చే ఇంగితాలను ప్రత్యేకంగా వర్ణించాడు. ప్రియుని ముఖంలోకి సూటిగా చూడకపోవడం, అతడు గమనించని సమయంలో మాత్రం చూడటం వాటిలో ముఖ్యమైనవి. భరతముని నాట్యశాస్త్రంలో స్వేదం, రోమాంచం, కంపం మొదలైన ఎనిమిది సాత్త్విక భావాలను పేర్కొన్నాడు. అయితే చెమట పట్టడం, వణకడం భయంలోనూ, కోపంలోనూ కూడా కలుగుతాయని ఆయనే చెప్పాడు. శరీరం కలవరాన్ని దాచలేదు, నిజమే. కాని ఆ కలవరానికి కారణమేమిటో అది చెప్పదు.

ఆధునిక పరిశోధకులు ఈ జాగ్రత్తకు మరికొంత బలం చేకూర్చారు. 1982లో ఆంటోనియా ఆబీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగ ఫలితాలు ప్రకటించింది. పరిచయం లేని ఒక యువకుడు, ఒక యువతి అయిదు నిమిషాలు ముచ్చటించుకున్నారు. మరొక యువకుడు, మరొక యువతి చాటు నుండి వారిని గమనించారు. మాట్లాడిన యువకులే కాక, చాటున ఉండి చూసిన యువకులు కూడా ఆ యువతుల స్నేహభావంలో, స్త్రీలు చూసినదాని కంటే ఎక్కువ ఆకర్షణను చూశారు. ఆమె చూపినది మర్యాద. వారు చదివినది మోహం!

2009లో వెలువడిన మరొక అధ్యయనం మన ప్రశ్నకు మరీ దగ్గరది. బెర్లిన్ నగరంలో జంట వెదుక్కునేందుకు వచ్చిన యువతీయువకులు కొద్ది నిమిషాలపాటు జరిపిన సంభాషణలను చిత్రీకరించి, జర్మన్ భాష రాని అమెరికన్ విద్యార్థులకు చూపించారు. మాటలు అర్థం కాకపోయినా, పది సెకండ్ల దృశ్యం నుండి సైతం వారు కొంతమేరకు సరిగానే ఊహించారు. కాని మగవారి ఆసక్తిని కనిపెట్టినంత బాగా ఆడవారి ఆసక్తిని కనిపెట్టలేకపోయారు. కొందరు యువతుల విషయంలోనైతే, వారికి ఆసక్తి లేకపోయినా ఉన్నదనే చాలామంది పొరబడ్డారు.

ఇందులోని అన్యాయాన్ని గమనించండి. ఎవరి మనసును చదవడంలో మనం ఎక్కువ తప్పుతున్నామో, వదంతి పుట్టినప్పుడు ఎక్కువ నష్టపోయేది కూడా వారే. యువకుడిని నలుగురూ ఆటపట్టించి వదిలేస్తారు. యువతికి చదువో, ఉద్యోగమో, కుదిరిన సంబంధమో పోతుంది.

అలాగని కన్నులు మూసుకోనవసరం లేదు. ఒక నిర్ణయానికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది: ఆ దగ్గరితనం వారు కోరుకున్నదా, పరిస్థితి కల్పించినదా? ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రజ్ఞుడు 1966లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు అడుగున్నర లోపు దూరాన్ని ఆత్మీయులకు కేటాయించిన దూరంగా వివరించాడు. కాని మగ్గాల శాలలోనూ, కిక్కిరిసిన రైలుపెట్టెలోనూ ఆ కొలత చెల్లదు. గుజరాత్‌లో నవరాత్రి దాండియా ఆటలో ఎదుటివారి కోలకు కోల తాకించేటప్పుడు చూపులు కలవక తప్పదు. అది ఆట నియమం, అనురాగ చిహ్నం కాదు.

రెండవది: వారు మిగిలినవారితో ఎలా ఉంటారు? అందరితోనూ నవ్వుతూ మాట్లాడే మనిషి ఒకరితో నవ్వితే అందులో విశేషమేమీ లేదు. అందరితో నవ్వే వ్యక్తి ఒకరి ముందు మాత్రమే మూగబోతే అది ఆలోచించదగిన విషయం.

మూడవది: స్పందన ఇరువైపులా ఉన్నదా, మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నదా? ఒకరు ముందుకు వంగినప్పుడల్లా రెండవవారు వెనుకకు జరుగుతుంటే అది ప్రణయం కాదు, ఇబ్బంది. దానిని గుర్తించి ఆమెకో, అతనికో ఆ చోటు నుండి తప్పుకునే వీలు కల్పించగలిగితే, ఈ విద్యకు అంతకు మించిన ప్రయోజనం లేదు.

ఆ రోజు లింబాయత్‌లో టీ త్రాగుతుండగా మామ మరొక మాట చెప్పాడు. "మూలకున్న మగ్గం కాడ పోగులు అతికే పిలగాణ్ణి, గుడ్డ మడతలు పెట్టే పిల్లను చూసినవా?" నేను చూశాను, కాని వారిని గురించి ఏమీ అనుకోలేదు. మేము అక్కడ ఉన్నంతసేపూ వారు ఒకరి వంక ఒకరు కన్నెత్తి చూడలేదు.

"ఆళ్ళకు పెండ్లి ఖాయమైంది బిడ్డా. గందుకే చూసుకుంటలేరు" అని, ఆ రోజు మొదటిసారిగా ఆయన నవ్వాడు.

శాలలో ఉన్న రెండు జంటలనూ నేను తప్పుగానే చదివాను. నా మాట విన్నవాడు దానిని తనలోనే దాచుకున్న పెద్దమనిషి కావడం వల్ల, ఆ కండెలు చుట్టే అమ్మాయి మరునాడు కూడా యథాప్రకారం పనికి వచ్చింది.