ఛాతీ నొప్పి: అశ్రద్ధ తగదు

ఛాతీలో నొప్పి రాగానే మన పల్లెల్లో రెండు మాటలే వినిపిస్తాయి: గుండెపోటు, కాకుంటే గాలి పట్టింది. మూడో కారణమూ ఉండవచ్చు. అది కాక్సాకీ-బి వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి. 1930లో డెన్మార్క్‌కు చెందిన బోర్న్‌హోమ్ దీవిలో ఇది ప్రబలగా, సిల్వెస్ట్ అనే వైద్యుడు వివరంగా పరిశీలించారు. దానితో దీనికి ఆ దీవి పేరే స్థిరపడింది.

జ్వరంతోపాటు ఛాతీ కండరాలు హఠాత్తుగా పట్టేస్తాయి. ఊపిరి పీల్చినా, దగ్గినా కత్తితో పొడిచినట్లుంటుంది. నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. చాలామందికి కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది. వైరస్ జబ్బు గనుక యాంటీబయాటిక్ సూదిమందులు దీనిపై పనిచేయవు.

అలాగని ఇంట్లోనే కూర్చోవడం ప్రమాదం. గుండెపోటు కాదని తేల్చవలసింది ఇరుగుపొరుగువారు కాదు, ఇ.సి.జి. తదితర పరీక్షలు చేసిన వైద్యుడు. నొప్పి రాగానే 108కి ఫోన్ చేయాలి. రోగి మలం, దగ్గు తుంపరల ద్వారా వైరస్ పాకుతుంది గనుక ఇంటిల్లిపాదీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ప్రజలు జాగ్రత్తపడితే చాలదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఇ.సి.జి. యంత్రం, వేళకు అందుబాటులో ఉండే వైద్యుడు ఉండాలి. ఆ బాధ్యత ప్రభుత్వానిదే.