ఆడ ఎలుకను ఎందుకు వదిలేశారు?

"ఎలకలక్కూడా సుగరొచ్చిద్దా అక్కా?"

పెద్దదోర్నాలలో స్త్రీల ఆరోగ్యం మీద జరిగిన సమావేశంలో ఒక కూలీ అమ్మ అడిగిన ప్రశ్న ఇది. వస్తుందని చెప్పాను. మనం మింగే మాత్రలు మన దాకా రాకముందే ఎలుకల మీద పరీక్షిస్తారని కూడా చెప్పాను. ఆవిడ అక్కడితో ఆగలేదు. "ఆడెలకలకా, మగెలకలకా?" అంది. గది గదంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు అడగాల్సి ఉండీ చాలా ఏళ్లపాటు అడగని ప్రశ్న అదే.

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ప్రయోగశాల చిట్టెలుక పాతిక గ్రాములుంటుంది. దాని ఒంట్లో ఉన్న నెత్తురు మొత్తం కలిపినా రెండు మిల్లీలీటర్లకు మించదు. అందుకే తోక చివర చిన్న గాటు పెట్టి, ఒక్క చుక్క మాత్రమే తీస్తారు. ఆశా కార్యకర్త మన వేలు పొడిచి చూసేలాంటి మిషనులోనే, అలాంటి పట్టీ మీదే ఆ చుక్క వేస్తారు. ఎలుక తినేది రాత్రిపూట. కనుక రాత్రంతా పస్తు పెడితే అది మనుషుల పరగడుపులాంటిది కాదు, దానికది కరువే. అందుకని నాలుగు నుంచి ఆరు గంటలు తిండి తీసేస్తే చాలంటారు. తర్వాత కిలో బరువుకు రెండు గ్రాముల లెక్కన గ్లూకోజు ఎక్కించి, పావుగంటకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు మళ్లీ చూస్తారు. గట్టిగా పట్టుకుని భయపెట్టినా చాలు, దాని షుగరు పెరుగుతుంది. దగ్గర మగవాడు ఉన్నాడని వాసన తగిలినా ఎలుకల ఒత్తిడి పెరుగుతుందని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రకటించారు. (ఇది చెప్పినప్పుడు దోర్నాల ఆడవాళ్లు ఎంత సంబరపడ్డారో రాయడానికి ఇక్కడ చోటు చాలదు.)

ఇదంతా ఎక్కడో అమెరికాలోనే జరిగే సంగతి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో 1990లలో వాటంతటవే విపరీతంగా లావెక్కే ఎలుకలు బయటపడ్డాయి. స్థూలకాయం మీద, షుగరు మీద ఈనాటికీ వాటితో పరిశోధనలు సాగుతున్నాయి.

ఇక ఆ అమ్మ ప్రశ్నకు వద్దాం. 2011లో బీరీ, జుకర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జంతు ప్రయోగాల లెక్కలు తీస్తే, పది జీవశాస్త్ర రంగాల్లో ఎనిమిదింట మగ జంతువులదే పైచేయిగా తేలింది. కారణం ఏం చెబుతూ వచ్చారు? ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకొక రుతుచక్రం ఉంటుంది, హార్మోన్లు మారుతుంటాయి, కొలతలు నిలకడగా ఉండవు అని! ముట్టు పేరు చెప్పి వంటింట్లోకి, గుడిలోకి రానివ్వకపోవడం మనకు తెలిసిందే. ప్రయోగశాలలోకీ రానివ్వలేదన్నమాట. 2014లో 293 పరిశోధన పత్రాలను జల్లెడపట్టి చూస్తే, ఆడ చిట్టెలుకల కొలతలు మగవాటికంటే ఎక్కువగా ఊగిసలాడడం లేదని తేలింది. షుగరు పరిశోధనలో ఇంకో కారణం కూడా ఉంది. కొవ్వు తిండి పెడితే మగ చిట్టెలుక త్వరగా లావెక్కి, షుగరు తెచ్చుకుంటుంది. ఆడది అంత తొందరగా లొంగదు. ఎందుకు లొంగదో వెతకడం మాని, లొంగేదాన్నే తెచ్చి పెట్టుకున్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తన నిధులతో జరిగే ప్రయోగాల్లో ఆడ, మగ రెంటినీ లెక్కలోకి తీసుకోవాలని 2016లోగానీ నియమం పెట్టలేదు.

దీనివల్ల మనకేం నష్టమని కొందరు కార్యకర్తలు అడుగుతున్నారు. నష్టం మన ఊళ్లలోనే ఉంది. ఆడ ఎలుక అండాశయాలు తీసేసి కొవ్వు తిండి పెడితే అది లావెక్కుతుంది, షుగరు అదుపు తప్పుతుంది. ఈస్ట్రోజెన్ తిరిగి ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంతకాలం దాన్ని కాచింది ఆ హార్మోనే. ఇప్పుడు మన రాష్ట్రం వైపు చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశం మొత్తం మీద ఇది 3.2 శాతమే. తెల్లబట్ట అవుతోందంటే ఆపరేషన్, నడుం నొప్పంటే ఆపరేషన్. ఎంతోమందికి అండాశయాలు కూడా తీసేశారో లేదో తెలియదు. అవి ఉంచినా ముట్లుడిగే దశ ముందే రావచ్చు. దోర్నాల సమావేశంలో కూడా నలభై దాటకుండానే ఆపరేషనైనవాళ్లు కనబడ్డారు. "ఆ తర్వాత నీకు షుగరు చూశారా?" అని అడిగితే ఒక్కరూ చూశారనలేదు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది. మన జిల్లాల్లో అది ఎంతవరకు జరిగిందని అడగాల్సింది మనమే.

ఎలుక నెత్తురు తీయాలన్నా నైతిక సంఘం అనుమతి కావాలి. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టడం వల్ల 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కిందే 1964లో ప్రయోగాలను అదుపు చేసే కమిటీ ఏర్పడింది. మంచిదే. ఎలుకకు ఇచ్చిన రక్షణ ఎక్కువైందని నేననడం లేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి ఆడవాళ్లను తెచ్చినప్పుడు వాళ్లకు సంగతి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసి, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పేరిట జరిగిన అధ్యయనంలో గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపించే వరకు సంఘాలు పోరాడాల్సి వచ్చింది. ఎలుక సంతకం పెట్టలేదు కనుక దాని తరఫున కమిటీ ఉంది. మనం సంతకం పెట్టగలం, కానీ మనల్ని అడగరు!

గర్భిణులకు షుగరు పరీక్ష విషయంలోనూ ఇదే తీరు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడు, మళ్లీ 24-28 వారాల మధ్య, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత చూడాలి. 140 గానీ ఆపైన గానీ ఉంటే అది గర్భకాలపు షుగరు. పరగడుపున రానక్కర్లేదు. దూరం నుంచి వచ్చేవారికి ఇది మేలైన పద్ధతి. కానీ అడవిలోని చెంచు పెంటల నుంచి ఆటో పట్టుకుని వచ్చిన మనిషి ఆ రెండు గంటలు ఎక్కడ కూర్చోవాలి? కూలి పోయినదానికి ఎవరిస్తారు? రక్తహీనత ఉంటే మూడు నెలల షుగరు పరీక్ష తప్పు లెక్క చూపవచ్చు. 2019-21 సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. కాన్పు తర్వాత ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలని కూడా మార్గదర్శకాల్లో ఉంది. గర్భకాలపు షుగరు వచ్చిన స్త్రీకి తర్వాత అసలు షుగరు వచ్చే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2009లోనే తేలింది. అయినా బిడ్డ చేతికొచ్చాక తల్లి నెత్తురుతో ఎవరికీ పని ఉండడం లేదు.

"ఎంతుందో చెప్పలా, బాగానే ఉందన్నారు" అని దోర్నాలలో నాతో అన్నవాళ్లు ఒకరు కాదు. ప్రయోగశాలలో ఎలుక తోక నుంచి తీసిన ప్రతి చుక్కకూ ఒక అంకె, ఒక గడియారం వేళ, ఒక పుస్తకంలో వరుస ఉంటాయి.

మండలాల్లో పనిచేస్తున్న మిత్రులు వచ్చే మూడు నెలల్లో ఈ పని చేపట్టాలని కోరుతున్నాను. ప్రతి గర్భిణి తల్లీబిడ్డ కార్డు తీయించి చూడండి. షుగరు గడిలో అంకె ఉందా, ఖాళీగా ఉందా, లేక ఒట్టి 'నార్మల్' అని రాసి ఉందా, రాసుకోండి. గర్భసంచి తీయించుకున్నవాళ్లను అడిగి వయసు, ఆపరేషన్ ఎందుకు చేశారన్నది, అండాశయాలు ఉన్నాయో లేవో కాగితం మీద పెట్టండి. పేర్లు వద్దు. ఆ కాగితాలు పట్టుకుని జిల్లా వైద్యాధికారిని కలుద్దాం.