4జీ అని చూపిస్తోంది సరే... ఎన్ని బిట్లు?

తిరువూరు బస్టాండ్‌లో ఫోన్ తీస్తే 4జీ. వినగడపలో ఇంట్లో కూర్చుని చూసినా అదే 4జీ. బస్టాండ్‌లో వీడియో ఆగకుండా నడిచి, ఇంట్లో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల పేజీ మాత్రం తిరుగుతూనే ఉందనుకోండి. లోపం ఎక్కడ?

ఈసీఈ వాళ్లకు జవాబు సిలబస్‌లోనే ఉంది: డిజిటల్ మాడ్యులేషన్. పరీక్ష కోసం కాన్‌స్టెలేషన్ బొమ్మలు గీసి వదిలేశాం చూడండి, అదే. సిగ్నల్ శుభ్రంగా ఉందని మీ ఫోన్ చెబితే టవర్ 64 క్వామ్ వాడుతుంది, సింబల్‌కు 6 బిట్లు. బలహీనంగా ఉంటే క్యూపీఎస్‌కే, 2 బిట్లే. 64 చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కాస్త నాయిస్ తగిలినా ఒకటి మరోటిగా కనిపిస్తుంది. నాలుగే అయితే తికమక తక్కువ. తిరునాళ్ల గోలలో ఒకే మాట రెండుమూడు సార్లు అరిచి చెబుతాం కదా, ఎర్రర్ కరెక్షన్ కోడింగ్ చేసేదీ దాదాపు అదే. ఈ రెండూ కలిపి 4జీ ప్రమాణంలో 15 మెట్ల పట్టిక ఉంది. కింది మెట్టు మీద సింబల్‌కు 0.15 బిట్లు, పై మెట్టు మీద 5.55. దాదాపు 36 రెట్ల తేడా! ఫోన్ మీద గుర్తు మాత్రం ఒక్కటే.

2022 జులైలో కేంద్రం 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు రూ.26,316 కోట్లు మంజూరు చేసింది. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ మొదలైంది. సీడాట్, తేజస్, టీసీఎస్ కలిసి చేసిన పని, మెచ్చుకోవాల్సిందే. కానీ ‘ఊరు కవరైంది’ అనే లెక్కకు అవును, కాదు అనే రెండే జవాబులు. ఏ మెట్టు మీద అందుతోందో కూడా ఊరివారీగా బయటపెట్టాలన్నది నా వాదన. ఎందుకంటే కింది మెట్టు మీదున్న ఒక్క ఫోన్ పెద్ద ఫైలు లాగితే టవర్ సమయాన్ని అదే తినేస్తుంది, పక్కవాళ్లకూ స్పీడ్ తగ్గుతుంది.

ఇలా కొలిచి సరిచేసేవాళ్లనే డ్రైవ్ టెస్ట్, ఆర్ఎఫ్ ఆప్టిమైజేషన్ ఇంజినీర్లు అంటారు. మీరు ఈ రోజే మొదలుపెట్టొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘అబౌట్ ఫోన్’లోని సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 80 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం. డాబా మీద, వంటింట్లో, మామిడి తోటలో వేర్వేరు వేళల్లో రాసుకోండి. అయితే బలం ఒక్కటే చాలదు. పక్క టవర్ల గోల ఎంతుందో చెప్పే ఎస్ఐఎన్ఆర్‌ను నెట్‌వర్క్ యాప్‌లో చూసి పక్క గడిలో వేయండి. మాడ్యులేషన్ మెట్టును ఎక్కువగా తేల్చేది ఆ అంకే.